లోగో చూడకుండా ఫ్యాషన్ హౌస్‌ని గుర్తుపట్టడం ఎలా?

ఈసారి ఖరీదైన బ్యాగో కోటో కనిపిస్తే ముందు లోగోని వేలితో మూసేయండి, ఫోన్‌లో ఫొటో అయినా సరే. ఇప్పుడు అది ఎవరిదో చెప్పగలరా? మొదట్లో ఎవరికీ రాదు. ఒక ప్రశ్న అలవాటు చేసుకుంటే మాత్రం నెమ్మదిగా వస్తుంది: ఈ హౌస్, అంటే ఈ ఫ్యాషన్ కంపెనీ, పుట్టినప్పుడు ఏం అమ్మేది, ఎవరికి అమ్మేది? పారిస్ పాత హౌస్‌ల విషయంలో నాకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

హెర్మెస్‌నే తీసుకోండి (ఫ్రెంచ్ వాళ్ళు ఎర్మెస్ అంటారు). 1837లో థియెరీ ఎర్మెస్ పారిస్‌లో పెట్టింది గుర్రపు సామాను తయారుచేసే వర్క్‌షాపు, అంటే బండి గుర్రాలకు కట్టే తోలు పట్టీలు, కళ్ళేలు. గుర్రం పరుగు మీద ఉండగా పట్టీ ఊడితే ప్రాణాల మీదికి వస్తుంది కాబట్టి కుట్టు చాలా గట్టిగా ఉండాలి. మైనం పూసిన ఒకే నార దారం, దాని రెండు కొసలకీ రెండు సూదులు, ప్రతి రంధ్రంలోంచీ రెండూ ఎదురెదురుగా దూరాలి. దీన్నే శాడిల్ స్టిచ్ అంటారు. మిషన్ కుట్టులో పైదారం, బాబిన్ దారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒకచోట తెగితే లాగినకొద్దీ ఊడొస్తుంది. శాడిల్ స్టిచ్‌లో ఒక కుట్టు తెగినా పక్క కుట్లు నిలబడతాయి. ఇవాళ్టికీ వాళ్ళ తోలు బ్యాగుల మీద ఈ చేతికుట్టే ఉంటుంది. కాస్త ఏటవాలుగా వరుసగా పడిన ఆ కుట్లని జూమ్ చేసి చూడండి, నాకు అంతకంటే అందమైన సంతకం ఇంకోటి కనబడదు.

లూయీ వ్యుట్టాన్ కథ పెట్టెలతో మొదలవుతుంది. ఆయన పెద్దింటివాళ్ళ బట్టలు ప్రయాణాలకు సర్దిపెట్టే పనివాడు, 1854లో సొంత షాపు పెట్టాడు. అప్పటి పెట్టెలకి వాన నీళ్ళు జారిపోవాలని మూత గుండ్రంగా ఉండేది, రైల్లో ఒకదాని మీద ఒకటి పేర్చడం కుదిరేది కాదు. ఆయన 1858లో నీళ్ళు దిగని కాన్వాస్ వేసి, చదునైన మూతతో పెట్టె చేశాడు. అది బాగా అమ్ముడయ్యేసరికి నకళ్ళు మొదలయ్యాయి, వాటిని అడ్డుకోవడానికే కొడుకు జార్జ్ 1896లో L, V అక్షరాలు, పువ్వులు కలిసిన ఆ మోనోగ్రామ్ తెచ్చాడు. అందుకే లోగో మూసేశాక వీళ్ళ బ్యాగులో పెట్టె పోలిక వెతకాలి: గట్టి మూలలు, ఇత్తడి తాళం, అంచుల వెంట తోలు పట్టీ.

బట్టల దగ్గరికొస్తే షనెల్‌నీ డియోర్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి, ఇంతకంటే మంచి పాఠం లేదు. 1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ డియోర్ తన మొదటి కలెక్షన్ చూపించాడు: బిగించిన నడుము, ప్యాడింగ్‌తో ఎత్తుగా వచ్చిన తుంటి, గజాల కొద్దీ బట్టతో లంగా. యుద్ధకాలపు రేషన్ బాధ ఇంకా తీరని జనానికి అది ఒక కల. డిజైనర్ కోకో షనెల్‌కి ఇది అస్సలు నచ్చలేదు. 1939లో మూసేసిన తన కుట్యూర్ (మనిషి కొలతలకు చేత్తో కుట్టే ఖరీదైన బట్టలు) హౌస్‌ని ఆవిడ 1954లో, 70 ఏళ్ళ వయసులో మళ్ళీ తెరిచింది. ఆవిడ జాకెట్‌లో నడుము బిగింపు ఉండదు, చంక కటింగ్ పైకి ఉంటుంది కాబట్టి చెయ్యి ఎత్తినా జాకెట్ లేవదు, జేబులు నిజంగా చెయ్యి పెట్టుకోవడానికే. లోపల లైనింగ్ అంచున సన్నని గొలుసు కుట్టి ఉంటుంది, ఆ బరువుకి జాకెట్ తిన్నగా వేలాడుతుంది. 1955 నాటి బ్యాగుకి భుజాన వేసుకునే గొలుసు పెట్టింది కూడా చేతులు ఖాళీగా ఉండాలనే. నడుము చూడండి, తర్వాత చంక చూడండి, ఏది ఎవరిదో తెలిసిపోతుంది.

ఇటలీ హౌస్‌లలో గుచ్చీకి గుర్తు గుర్రపు కళ్ళెం ఆకారపు లోహపు ముక్క, బొత్తెగా వెనెతాకి అల్లిన తోలు. ఇవి తేలికే.

కష్టం ఎక్కడంటే డిజైనర్లు మారినప్పుడు. క్రిస్తోబల్ బలెన్సియాగా ఒంటికి అంటకుండా గాలి ఆడేలా బట్ట కత్తిరించిన మనిషి, 1957 నాటి, సంచిలా వదులుగా ఉండే సాక్ డ్రెస్ చూస్తే అర్థమవుతుంది. 1968లో ఆయన హౌస్ మూసేశాడు. ఇప్పుడు ఆ పేరు మీద హుడీలు, స్నీకర్లు చూసి ఇది ఆ బలెన్సియాగా కాదని చాలామంది అంటారు. తొందరపడకండి, 53 ఏళ్ళ తర్వాత 2021లో మళ్ళీ మొదలైన వాళ్ళ కుట్యూర్‌లో కాలర్ మెడ నుంచి వెనక్కి జరిగిన తీరు, ఒంటికీ బట్టకీ మధ్య ఖాళీ చూడండి, పాత చెయ్యి కనిపిస్తుంది.

సాధనకి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వెబ్‌సైట్ ఉచితం. హౌస్ పేరుతో కాకుండా జాకెట్, బ్యాగ్ లాంటి మాటతో వెతికి, హౌస్ పేరు చదవకముందే ఫొటో చూసి ఒక అంచనా రాసుకోండి. ఒక్కో హౌస్‌ని పట్టుకోవడానికి వారం ఇవ్వండి, మొదటి వారం జాకెట్లలో షనెల్‌వి ఏవో కనిపెట్టండి.