ఆయిల్ ట్యాంక్ లీకైతే ముందు నీళ్ల పైపు పక్కన పెట్టండి

ఇంజన్ ఆయిల్ ట్యాంక్ దగ్గర నేలంతా ఆయిల్ పారితే చాలామంది వెంటనే నీళ్లు కొట్టేస్తారు. అదే వద్దు. ఆయిల్ నీటిపై తేలి ఇంకా దూరం పాకుతుంది, నేరుగా డ్రైనేజీలోకి దిగుతుంది. సబ్బునీళ్లు పోస్తే ఇంకా ఘోరం, చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది, ఇక తీయలేం.

ముందు వాల్వ్ కట్టేయండి. తర్వాత ఆయిల్ పారుతున్న వైపు, ముఖ్యంగా కాలువకు అడ్డంగా, పొడి ఇసుకతో గట్టు వేయండి. మధ్యలో రంపపు పొట్టు మందంగా చల్లి, చీపురుతో నేలకేసి రుద్దండి. ఊరికే చల్లి వదిలేస్తే పైపైనే పీలుస్తుంది. కాసేపు ఆగి ఎత్తేసి, మళ్లీ కొత్త పొట్టు వేయండి.

కాంక్రీటు మీద మిగిలిన మరకకు డిటర్జెంట్ పౌడర్‌ను ముద్దలా కలిపి గట్టి బ్రష్‌తో రుద్దండి, ఆ మురికిని కూడా పొట్టుతోనే ఎత్తండి. మట్టిలో ఇంకితే మాత్రం తడిసినంత మేర తవ్వి తీయడమే.

ట్యాంక్ చుట్టూ ఉన్న గోడ లోపల వాన నీళ్లు నిలిచి, పైన ఆయిల్ తేలుతుంటే డ్రెయిన్ తెరవకండి. నీటిని వదిలి ఆయిల్‌నే పీల్చే ప్యాడ్లు దొరుకుతాయి, వాటితో తీయండి.

ఎత్తిన చెత్తంతా మూతున్న డబ్బాలో, నిప్పుకు దూరంగా ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వండి.