యుద్ధపూర్వపు అరుదైన కారుకు చేతితో ప్రతిరూపపు బాడీ కట్టడం

1935లో పారిస్, లండన్ మోటారు ప్రదర్శనలలో బుగాటీ సంస్థ ‘ఏరోలిత్’ అనే కారును ప్రదర్శించింది. సంస్థ స్థాపకుని కొడుకు జీన్ బుగాటీ రూపకల్పన చేసిన ఆ కారు ఆ తరువాత ఏమైందో తెలియదు; మిగిలినవి కొన్ని నలుపు తెలుపు ఫోటోలు మాత్రమే. దాని వెనుకనే 1936–38 మధ్య తయారైన నాలుగు అట్లాంటిక్ కార్లలో కూడా ఒకటి, జీన్ బుగాటీ స్వయంగా నడిపిన నల్ల కారు, రెండవ ప్రపంచ యుద్ధపు రోజులలో అదృశ్యమైంది. అయినా ఏరోలిత్‌ను కెనడాలోని ఒక పునరుద్ధరణ శాల పాత ఫోటోల ఆధారంగా మళ్లీ కట్టి నిలబెట్టగలిగింది. పోయిన రూపాన్ని కొలతల నుంచి తిరిగి రాబట్టవచ్చునని చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

ఇది సాధ్యపడటానికి అసలు కారణం ఆ కాలపు తయారీ పద్ధతిలోనే ఉంది. ఖరీదైన కార్లలో చాలావాటిని అప్పట్లో ఛాసిస్‌గానే అమ్మేవారు. ఇంజిన్, ఇరుసులు, చక్రాలు, రేడియేటర్ ఉన్న ఆ అడుగుభాగాన్ని కొనుగోలుదారు తనకు నచ్చిన కోచ్‌బిల్డర్‌కు, అంటే బాడీలు కట్టే వృత్తివాడికి, పంపి బాడీ కట్టించుకునేవాడు. అందువల్ల బాడీ, ఛాసిస్ వేర్వేరు వస్తువులు; ఒకటి పాడైనా రెండవది నిలుస్తుంది. బాడీ పోయిన ఛాసిస్ గాని, కొత్తగా చేసిన ఛాసిస్ గాని మీ దగ్గర ఉంటే పని మొదలుపెట్టవచ్చు. అసలు బాడీ ఇంకా ఉన్న ఛాసిస్ నుంచి మాత్రం, అది ఎంత సాదాసీదా బాడీ అయినా సరే, దాన్ని పీకివేసి ఆ స్థానంలో అందమైన ప్రతిరూపాన్ని కూర్చోబెట్టకండి. మీరు తీసివేసేది కూడా అరుదైనదే.

ఈ పనికి వచ్చేవారు సాధారణంగా సుత్తిని గురించి అడుగుతారు. సుత్తి పట్టేలోపు జరగవలసిన పనే ఎక్కువ. గీతలు సరిగా ఉండి, కొయ్య అచ్చు నిజం చెబితే, మధ్యస్థమైన చేతివాటం ఉన్నవాడు కూడా మంచి బాడీ కట్టగలడు; అచ్చు తప్పయితే గొప్ప పనివాడు కూడా ఆ తప్పునే అందంగా చేసి పెడతాడు. అందుకే ఈ వ్యాసంలో పెద్ద భాగాన్ని కొలతలకు, అచ్చుకు ఇస్తున్నాను.

ఫోటో నుంచి కొలతకు

అదే నమూనాకు చెందిన మరో కారు ఎక్కడైనా బతికి ఉంటే, యజమాని అనుమతితో దాన్ని స్కాన్ చేయడమే ఉత్తమం. లేనప్పుడు ఫోటోలే ఆధారం. ముందుగా మారని కొలతలను పోగుచేయండి: వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం), రెండు చక్రాల మధ్య అడ్డు వెడల్పు, రిమ్ము వ్యాసం, రేడియేటర్ ఎత్తు. ఇక్కడ మొదటి పొరపాటు జరుగుతుంది. ఒకే పేరు కింద వేర్వేరు ఛాసిస్‌లు ఉంటాయి; ఉదాహరణకు బుగాటీ టైప్ 57 వీల్‌బేస్ 3.30 మీటర్లు, టైప్ 57 ఎస్ వీల్‌బేస్ 2.98 మీటర్లు. ముప్పై రెండు సెంటీమీటర్ల తేడాను గమనించకుండా పొట్టి కారు గీతలను పొడుగు ఛాసిస్ మీదికి సాగదీస్తే కారు తన మొహాన్నే కోల్పోతుంది.

ఫోటోలో స్కేలు పెట్టి కొలిస్తే సరిపోదు. కెమెరాకు దగ్గరగా ఉన్న చక్రం పెద్దదిగా, దూరపు చక్రం చిన్నదిగా కనబడతాయి. గుండ్రని చక్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. ఆ మార్పే మనకు పనికివచ్చే సాక్ష్యం, ఎందుకంటే చక్రం నిజంగా గుండ్రనిదని మనకు ముందే తెలుసు కాబట్టి, అది ఎంత నొక్కుకుపోయి కనిపించిందో చూసి కెమెరా ఏ కోణంలో, ఏ ఎత్తులో నిలిచిందో లెక్కకట్టవచ్చు. కంప్యూటర్‌లో ఛాసిస్ నమూనాను తయారుచేసి, దాన్ని ఫోటో మీద పరచి, నాలుగు చక్రాలూ ఒకేసారి కుదిరేవరకు కెమెరా స్థానాన్ని జరుపుతూ పోవడం ఈ రోజుల్లో తేలికైన మార్గం. కనీసం మూడు వేర్వేరు కోణాల ఫోటోలలో ఒకే గీత ఒకే చోటికి వచ్చినప్పుడే దాన్ని ఖాయం చేయండి.

తరువాత పక్క రూపాన్ని, పై రూపాన్ని, ముందు వెనుక రూపాలను నిలువెత్తు కొలతలో గోడ మీద గాని, తెల్ల రంగు వేసిన ప్లైవుడ్ మీద గాని గీయండి. చిన్న కాగితం మీద కనబడని వంకర నిలువెత్తు గీతలో వెంటనే కంటికి తగులుతుంది. వంపులను చేతితో గీయకూడదు. సన్నని, ముడులు లేని కొయ్య బద్దను మేకుల మధ్య వంచి నిలబెట్టి, నేలకు దగ్గరగా వంగి, ఒక కన్ను మూసి దాని వెంబడి చూడండి. ఎక్కడ బద్ద ఉలిక్కిపడినట్టు కనబడుతుందో అక్కడ ఒక మేకు తప్పు చోట ఉన్నదన్నమాట. దాన్ని తీసివేస్తే బద్ద తన వంపును తానే వెతుక్కుంటుంది.

కొయ్య అచ్చు

అచ్చును ఈ వృత్తిలోని వారు బక్ అంటారు. 12 నుంచి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో కారుకు అడ్డంగా ముక్కలు కోసి, 100 నుంచి 150 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున నిలబెట్టి, పొడుగు వెంబడి ఉన్న ముక్కలతో కలపాలి. వంపు బిగువుగా తిరిగే చోట, అంటే మడ్‌గార్డు ముక్కు దగ్గర, తోక దగ్గర, ఆ దూరం సగానికి తగ్గాలి. ప్రతి ముక్క అంచునూ రేకు మందం మేరకు లోపలికి తగ్గించడం మరవకండి; 1.5 మిల్లీమీటర్లే కదా అని వదిలేస్తే రెండు వైపులా కలిసి 3 మిల్లీమీటర్లు అవుతుంది, బానెట్ ఆ 3 మిల్లీమీటర్లను క్షమించదు. క్లాంపులు పెట్టడానికి, రేకు అచ్చును ఆనిందో లేదో లోపలి నుంచి చూడడానికి ప్రతి ముక్కలో పెద్ద రంధ్రాలు కోయండి.

ఎడమ, కుడి వైపులు అచ్చంగా ఒకేలా ఉండాలా అన్న ప్రశ్న వస్తుంది. చేతితో కట్టిన అసలు బాడీలు కూడా రెండు వైపులా కొద్దిగా తేడాగానే ఉండేవి. అసలు కారు అందుబాటులో ఉంటే ఆ తేడాను అలాగే ఉంచాలని నా అభిప్రాయం. ఫోటోలే ఆధారమైతే ఒక వైపును గీసి రెండవ వైపుకు తిప్పుకోవడం మేలు.

అచ్చు పూర్తయ్యాక ఛాసిస్ మీద కూర్చోబెట్టి, చక్రాలు, రేడియేటర్, దీపాలు బిగించి, కనీసం వారం రోజులు అటూ ఇటూ నడుస్తూ చూడండి. కొయ్య దశలో మడ్‌గార్డును ఒక సెంటీమీటరు జరపడం ఒక పూట పని. రేకు దశలో అది నెల పని.

లోపలి చట్రం

ఆ కాలపు బాడీలలో ఎక్కువ భాగం యాష్ అనే చెట్టు కలపతో చేసిన చట్రం మీద రేకు చుట్టినవే. యాష్ కలప గట్టిదే అయినా వంగుతుంది, మేకును, స్క్రూను బాగా పట్టుకుంటుంది. ఆరిన కలపనే వాడాలి; తేమ సుమారు 12 శాతానికి దిగినది మంచిది. పెద్ద వంపులను ఒకే దుంగ నుంచి కోస్తే నార అడ్డంగా తెగి అక్కడే విరుగుతుంది కాబట్టి, ఆవిరి పట్టి వంచడం గాని, పలుచని పొరలను జిగురుతో అతికించి వంచడం గాని చేయాలి. మీరు కట్టే నమూనాకు 1936లో మిలాన్‌కు చెందిన టూరింగ్ సంస్థ పేటెంటు పొందిన సూపర్‌లెజెరా పద్ధతి వర్తిస్తే, కలపకు బదులు సన్నని ఉక్కు గొట్టాల చట్రం వస్తుంది. గొట్టానికి, అల్యూమినియం రేకుకు మధ్య గుడ్డ గాని మరో అడ్డుపొర గాని తప్పనిసరి. ఉక్కు, అల్యూమినియం తడిలో ఒకదానికొకటి తగిలి ఉంటే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

చట్రాన్ని ఛాసిస్‌కు బిగించేటప్పుడు ఛాసిస్ తన పూర్తి బరువుతో, తన చక్రాల మీదే నిలబడి ఉండాలి. నేను కట్టిన మొదటి బాడీలో ఈ మాటను పట్టించుకోలేదు. ఇంజిన్ లేని ఛాసిస్‌ను స్టాండ్ల మీద ఉంచి చట్రం బిగించాను, తలుపులు 4 మిల్లీమీటర్ల సందుతో చక్కగా కుదిరాయి. ఇంజిన్ దించి కారును నేల మీద నిలబెట్టిన రోజున ఎడమ తలుపు పై మూల స్తంభానికి రాసుకుని రేకు గీరుకుపోయింది. కిందికి వంగింది ఛాసిస్. రెండు తలుపులనూ మళ్లీ చేయవలసి వచ్చింది. అప్పటి నుంచి ఇంజిన్ లేకపోతే దాని బరువుకు సరిపడా ఇసుక సంచులను దాని స్థానంలో పెట్టిన తరువాతే మొదటి బోల్టు బిగిస్తున్నాను.

రేకు పని

అల్యూమినియం అయితే 1050 గాని 3003 గాని అనే మెత్తని రకం, 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్ల మందం. ఉక్కు అయితే లోతుగా సాగే రకం, సుమారు 0.9 మిల్లీమీటర్లు. బలంగా ఉంటుందని 6061-టి6 వంటి గట్టి మిశ్రమాన్ని ఎంచుకుంటే అది వంపుల దగ్గర పగులుతుంది. బుగాటీ ఏరోలిత్ పేరుతో ముడిపడిన ఎలెక్ట్రాన్ అనే మెగ్నీషియం మిశ్రమాన్ని కొత్తగా నేర్చుకుంటున్నవారు ముట్టుకోకపోవడమే మంచిది. అది చల్లగా ఉన్నప్పుడు పగులుతుంది, దాని పొడి, తురుము అంటుకుంటే నీళ్లు పోయడం వల్ల మంట మరింత పెరుగుతుంది. అట్లాంటిక్ కార్లలో బుగాటీ సంస్థే అల్యూమినియం వాడి, నడుమన రివెట్లు కొట్టిన నిలువు అంచును అలాగే ఉంచింది. మనకూ అదే దారి చాలు.

బాడీని ఎన్ని ముక్కలుగా చేయాలో తేల్చడానికి కాగితం చక్కని గురువు. దళసరి కాగితాన్ని అచ్చు మీద పరచి, అరచేత్తో ఒత్తుతూ పోండి. అంచుల్లో కాగితం ముడతలు పడిన చోట రేకును కుదించాలి. కాగితం చాలక చీలిన చోట, లేదా చీల్చితే గాని కూర్చోని చోట, రేకును సాగదీయాలి. ఆ ముడతలను, చీలికలను పెన్సిలుతో గుర్తుపెట్టి, అదే కాగితాన్ని రేకు మీద పెట్టి గీసుకోండి. ఇక ఏ చోట ఏం చేయాలో రేకు మీదే రాసి ఉంటుంది. మడ్‌గార్డు ముక్కు వంటి లోతైన భాగంలో ముడతలు మరీ ఎక్కువైతే దాన్ని రెండు ముక్కలుగా విడగొట్టడానికి సంకోచించవద్దు. పాతకాలపు పనివారూ అలాగే చేశారు.

అల్యూమినియాన్ని ముందుగా మెత్తబరచాలి. ఎసిటిలీన్ ఎక్కువగా ఉన్న మంటతో రేకు మీద నల్లని మసి పూసి, తరువాత సరైన మంటతో ఆ మసి కాలిపోయేవరకు మాత్రమే వేడిచేయండి. అల్యూమినియం ఉక్కులాగా ఎర్రబడి హెచ్చరించదు. 660 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కూలిపోతుంది. మసే మన హెచ్చరిక.

మెత్తబడిన రేకును ఇసుక నింపిన తోలు సంచి మీద పెట్టి, గుండ్రని కొయ్య సుత్తితో కొట్టి లోతు తెప్పించాలి. బిందె కొట్టే కంచరి చేతిలోని లయ ఇక్కడా ఉండాలి: దెబ్బలు ఒకే బరువుతో, ఒకదాని పక్కన ఒకటి పడాలి. ఈ దశలో రేకు అక్రోటుకాయలా గతుకులతో వికారంగా కనిపిస్తుంది, కంగారు పడనవసరం లేదు. అంచుల్లో వచ్చిన ముడతలను విచ్చుకుపోనివ్వకుండా పట్టి ఉంచి కొట్టి, ఆ లోహాన్ని తనలోకే తోసి కుదించాలి. తరువాత ఇంగ్లిష్ వీల్ అనే రెండు చక్రాల పరికరం వంతు వస్తుంది. పై చక్రం చదునుగా, కింది చక్రం వంపుగా ఉంటాయి. వాటి మధ్య రేకును ముందుకు వెనుకకు నడిపిస్తూ, ప్రతిసారీ కొద్దిగా పక్కకు జరుపుతూ పోతే గతుకులు అణిగి వంపు నిండుగా లేస్తుంది. ఒత్తిడి తక్కువగా ఉంచి ఎక్కువసార్లు తిప్పడమే క్షేమం, ఎందుకంటే ఒకసారి అతిగా సాగిన రేకును వెనక్కి తేవడం సాగదీయడం కంటే చాలా కష్టం. నాలుగైదు నిమిషాలకొకసారి అచ్చు మీద పెట్టి చూడండి.

ముక్కలను కలపడానికి గ్యాస్ వెల్డింగు మంచిది; అతుకు మెత్తగా ఉండి తరువాత సుత్తి దెబ్బలకు లొంగుతుంది. అదే రేకు నుంచి కోసిన సన్నని పీలికను పూరక తీగగా వాడవచ్చు. అంచులను శుభ్రం చేసి, అతుకు బాగా పట్టేందుకు వాడే ఫ్లక్సు అనే రసాయనం పూసి, 25 మిల్లీమీటర్లకు ఒక చుక్క చొప్పున పట్టించి, అప్పుడు మొత్తం పోనివ్వండి. పని అయిన వెంటనే వేడినీళ్లతో, బ్రష్షుతో ఫ్లక్సును పూర్తిగా కడగాలి. అది మిగిలితే రంగు కింద నుంచి తినుకుంటూ వస్తుంది. మడ్‌గార్డు అంచును తీగ చుట్టూ మడవడానికి తీగ వ్యాసానికి రెండున్నర రెట్లు రేకును ముందే వదలాలి.

నునుపు చేసేటప్పుడు చేతిని, వెలుతురును నమ్మండి. పలుచని నూలు చేతితొడుగు వేసుకుని అరచేతిని పొడుగు వెంబడి నడిపిస్తే కంటికి అందని గుంట వేళ్లకు అందుతుంది. తరువాత రేకు మీద కొంచెం నీళ్లు చల్లి, వరుసగా ఉన్న ట్యూబులైట్ల కింద నిలబడండి. రేకులో లైటు ప్రతిబింబం గీతలా సాగి ఎక్కడ మెలిక తిరుగుతుందో అక్కడ పని మిగిలి ఉంది. ఆకురాయిని తేలికగా నడిపి ఎత్తులను గుర్తించండి, కానీ దానితో ఎత్తులను అరగదీయవద్దు. రేకు కాగితంలా పలచనైపోతుంది. పుట్టీతో గుంటలు పూడ్చడాన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే చేతితో చేసిన పని విలువ ఆ రేకులోనే ఉంది.

బిగింపు, గుర్తింపు

రంగు వేయకముందే కారును మొత్తం బిగించి, తలుపులు, బానెట్ తెరిచి మూసి, కొన్ని పదుల కిలోమీటర్లు నడపండి. చట్రానికి, ఛాసిస్‌కు మధ్య తోలు గాని ఫెల్ట్ గాని ముక్కలు పెట్టి ఉంటే కిర్రుచప్పుడు తగ్గుతుంది. ఆ తరువాత విప్పి, అల్యూమినియానికి తగిన ప్రైమరు వేసి, రంగు పని చేయించవచ్చు.

కట్టిన సంవత్సరాన్ని, ఇది కొత్త బాడీ అన్న మాటను తెలిపే చిన్న పలకను విడదీయరాని చోట రివెట్లతో బిగించండి. అచ్చు, గీతలు, పని మధ్యలోని ఫోటోలు అన్నీ కారుతోపాటే దాచండి. పాత నంబరు పలకకు నకలు చేయించవద్దు. ఎన్నో ఏళ్ల తరువాత ఈ కారును కొనబోయేవారికి మీరు అక్కడ ఉండి చెప్పలేరు, ఆ పలకే చెప్పాలి. రిజిస్ట్రేషను నియమాలు ఒక్కో దేశంలో ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి రేకు కొనకముందే వాటిని తెలుసుకోండి.

మొదటి వెయ్యి కిలోమీటర్ల తరువాత చట్రపు బోల్టులను, తలుపు బందుల స్క్రూలను ఒక్కొక్కటిగా మళ్లీ బిగించండి. కొత్త కలప రోడ్డు కుదుపులకు తన స్థానంలో సర్దుకుంటుంది, అందువల్ల ఆ మొదటిసారి దాదాపు ప్రతి స్క్రూ పావు చుట్టు లోపలికి వెళుతుంది.