దుబాయ్ లేబర్ కేసు: క్యాంపు వదలకముందే చూసుకోవాల్సినవి

షార్జాలో ఏళ్ళ తరబడి టైపింగ్ సెంటర్లో అరబిక్ కాగితాలు కొట్టి వచ్చినవాణ్ణి. అందుకే రాజోలులో మా ఇంటికి ఇప్పటికీ గల్ఫ్ ఫైళ్ళు పట్టుకుని వస్తుంటారు. అందరూ ముందు అడిగేది ఒకటే: "అక్కడంతా షరియా కోర్టులంటగా, మన మాట వింటారా అండీ?"

జీతం గొడవకి షరియాతో పనిలేదు. యూఏఈలో ఉద్యోగం, ఒప్పందం, అప్పు అన్నీ రాసిపెట్టిన చట్టాల ప్రకారమే నడుస్తాయి. ఆ పద్ధతి ఫ్రాన్స్‌ది, ఈజిప్టు మీదుగా వచ్చింది. పెళ్ళి, విడాకులు, వారసత్వం, ప్రమాదంలో మనిషి పోతే కట్టాల్సిన రక్తధనం, ఇవీ షరియా కనపడే చోట్లు. వీటిలో కుటుంబ విషయాలకి ముస్లిమేతరుల కోసం 2023 ఫిబ్రవరి 1 నుంచి వేరే సివిల్ చట్టం ఉంది.

భయపడాల్సింది షరియాకి కాదు, కాగితం లేకపోవడానికి. అమలాపురం కోర్టులోలాగా సాక్షిని బోనెక్కించి పూటంతా ప్రశ్నలు వేయడం అక్కడ ఉండదు. జడ్జి ఫైలు చదువుతాడు, లెక్క తేలకపోతే నిపుణుణ్ణి వేస్తాడు. "రూంలో పదిమంది నా తరఫున చెబుతారు" అనే ధీమాతో వెళ్ళకండి.

ముందు కాంట్రాక్టు తీయండి. అరబిక్ ఒక వరుసలో, మరో భాష ఇంకో వరుసలో ఉంటాయి, తేడా వస్తే అరబిక్‌దే చెల్లుతుంది. సఖినేటిపల్లి నుంచి వెళ్ళిన షట్టరింగ్ కార్పెంటర్ ఒకతను తన జీతం 1,500 దిర్హాములు అనుకున్నాడు. కాగితంలో బేసిక్ 800, మిగతా 700 అలవెన్సులు. ఉద్యోగం మానేటప్పుడిచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్కేస్తారు. నాలుగేళ్ళకి అతను 4,200 వస్తుందనుకున్నాడు, వచ్చేది 2,240. పంపిన ఏజెంటుకి ఇది తెలియదంటే నేను నమ్మను.

జీతం ఆగితే రూం వదిలి వెళ్ళకండి. వెళ్ళారో, పరారీ కేసు పెట్టి మిమ్మల్ని ఖల్లివల్లి, అంటే చట్టవిరుద్ధంగా ఉంటున్న మనిషిని, చేసేస్తారు. అక్కడుండగానే లేబర్ మంత్రిత్వ శాఖ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. మనవాళ్ళు దీన్ని ఉత్త తతంగం అనుకుంటారు కానీ, చాలావరకు తేలేది ఇక్కడే. ముందు ఇద్దరికీ రాజీ కుదర్చాలని చూస్తారు. 2024 నుంచి 50,000 దిర్హాముల లోపు తగాదాని శాఖే తేల్చేస్తుంది. ఆ నిర్ణయం నచ్చకపోతే 15 పనిదినాల్లో కోర్టుకెళ్ళొచ్చు. అంతకు మించిన సొమ్మయి రాజీ కుదరకపోతే శాఖే కోర్టుకి పంపుతుంది. లక్ష దిర్హాముల లోపు లేబర్ దావాకి కోర్టు ఫీజు లేదు. ఉద్యోగం ముగిశాక రెండేళ్ళ గడువు ఉంటుంది.

కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళకి ఈ లెక్కలు వర్తించవు. వాళ్ళకి 2015 నాటి 68వ నంబరు చట్టం విడిగా ఉంది.

ఇంటికొచ్చేశాక కేసు నడపాలంటే అక్కడ ఒకరికి పవరాఫ్ అటార్నీ ఇవ్వాలి. ఇక్కడ నోటరీ, మన విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ ఎంబసీ ముద్ర, అక్కడికెళ్ళాక మళ్ళీ ఒక ముద్ర, ఆపైన అరబిక్ తర్జుమా. చాలా దేశాలు ఒప్పుకునే అపోస్టిల్ అనే ఒకే ముద్ర అక్కడ చెల్లదు. చిన్న మొత్తమైతే ఖర్చులకే సరిపోతుంది, అందుకే విమానం ఎక్కకముందే తేల్చుకోమంటాను. మనిషి చనిపోయి డబ్బు రావాల్సి ఉంటే తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికీ ఇదే దారి. దాంట్లో పేర్ల స్పెల్లింగు పాస్‌పోర్టుతో అక్షరం తేడా లేకుండా చూసుకోండి. ఒక్క 'హెచ్' తేడా వస్తే ఫైలు వెనక్కొస్తుంది. ఇరుక్కుంటే మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్లోనో, విదేశాల్లోని ఆంధ్రుల కోసం రాష్ట్రం నడిపే సంస్థ ఏపీఎన్ఆర్‌టీ వాళ్ళకో చెప్పుకోవచ్చు.

అప్పు చేసి వచ్చినవాళ్ళకి మాత్రం ఒక మాట. 2020 జనవరి నుంచి దుబాయ్ కోర్టు డిక్రీని, అంటే సొమ్ము కట్టమన్న తీర్పుని, సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద మన జిల్లా కోర్టులోనే అమలు చేయించుకోవచ్చు. అంటే బ్యాంకు రాజమండ్రి దాకా రాగలదు. మీకు నోటీసు అందకుండా, మీ వాదన వినకుండా తీర్పిచ్చారని 13వ సెక్షన్ కింద అభ్యంతరం చెప్పుకోవచ్చు కానీ, నోటీసు మీ దుబాయ్ నంబరుకి మెసేజ్‌గా వెళ్ళి ఉంటే ఆ వాదన నిలబెట్టడం కష్టం. ఆ సిమ్ పారేయకండి, అప్పుడప్పుడూ రీచార్జి చేస్తూ ఉండండి.