తల తిరుగుతోందా? చైనా వైద్యం చెప్పే కఫాన్ని షుగరు, బీపీ లెక్కలతో కలిపి చూడండి

చైనా సంప్రదాయ వైద్యంలో ఈ బాధ పేరు షువాన్ యున్. షువాన్ అంటే కళ్ళు బైర్లు కమ్మడం, యున్ అంటే పడవలో ఉన్నట్టు తల తిరగడం. మనం రెండింటినీ "కళ్ళు తిరిగాయి" అనేస్తాం, అక్కడే సగం పొరపాటు జరుగుతుంది. మీకు వచ్చేది ఏదో ముందు తేల్చుకోండి.

అంతకన్నా ముందు ఒక మాట. తల తిరగడంతోపాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, ఒకటి రెండుగా కనబడటం, నిలబడలేకపోవడం ఉంటే చైనా పద్ధతిలో నాలుక చూసుకుంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి, స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళండి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే పని చేస్తుంది.

మంచం మీద పక్కకి తిరిగినప్పుడో, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినప్పుడో గది గిర్రున తిరిగి, నిమిషంలోపే ఆగిపోతే అది చాలాసార్లు లోచెవిలోని సున్నపు పలుకులు చోటు తప్పడం వల్ల వచ్చేదే. దానికి మాత్రలు మింగి లాభం లేదు, పలుకుల్ని వెనక్కి పంపాలి. చెవి డాక్టరు తలను నాలుగైదు భంగిమల్లో తిప్పి, ఒక్కోదానిలో అర నిమిషం ఆపి, కొద్ది నిమిషాల్లో ఆ పని చేస్తారు. తిరుగుడు అణిచే సిన్నరిజిన్ లాంటి మాత్రలు నెలల తరబడి వాడితే మెదడు సొంతంగా సర్దుకోవడం ఆలస్యమవుతుంది. పెద్దవాళ్ళలో చేతులు వణకడం కూడా మొదలవ్వచ్చు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళలో, విటమిన్ డి తగ్గినవాళ్ళలో ఈ పలుకుల బాధ ఎక్కువగా కనిపిస్తుంది.

అది కాదనుకుంటే లెక్కలు తీయండి. అయిదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి. లేచి నిలబడి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్ళీ చూడండి. పై అంకె 20 గాని కింది అంకె 10 గాని పడిపోతే బైర్లు కమ్మడానికి కారణం దొరికినట్టే. విశాఖ ఉక్కపోతలో చెమట ఓడి, పైగా బీపీ మాత్రలూ నీరు తీసే మాత్రా వేసుకునేవాళ్ళకి ఇది తరచూ జరుగుతుంది. మాత్ర మానేయకండి, ఆ అంకెలు రాసుకెళ్ళి డాక్టరుకి చూపించండి. తల తిరుగుతున్న ఆ క్షణంలోనే షుగరు కూడా చూడాలి, గంట తర్వాత చూస్తే అర్థం లేదు. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకి మళ్ళీ చూడండి.

ఇక చైనా వైద్యుల చూపు. తిరుగుడుని వాళ్ళు ముఖ్యంగా నాలుగు రకాలు చేస్తారు: కోపం, ఎర్రబడ్డ ముఖం, చెవిలో హోరుతో వచ్చేది ఒకటి; నీరసంతో, పాలిపోయి వచ్చేది రెండోది; నడుము బలహీనతతో, మతిమరుపుతో వచ్చేది మూడోది; కఫంతో వచ్చేది నాలుగోది. "కఫం లేనిదే తిరుగుడు లేదు" అన్నది 14వ శతాబ్దపు వైద్యుడు ఝూ దాన్‌షీ మాట. ఈ కఫం దగ్గులో పడే తెమడ మాత్రమే కాదు. తీపి, కొవ్వు ఎక్కువై, జీర్ణం చేసే ప్లీహం అలిసిపోతే ఒంట్లో మిగిలిపోయే జిగట అని వాళ్ళ భావన. మన ఆయుర్వేదపు కఫంతో పోలిక ఉంది గాని రెండూ ఒకటి కాదు. తలకి తడిగుడ్డ చుట్టినట్టు బరువు, వాంతి వచ్చేలా ఉండటం, తిన్నాక మగత, నాలుక మీద మందంగా తెల్లటి పూత దాని గుర్తులు.

నాలుకని పొద్దున్నే, గీసుకోకముందు, కాఫీ తాగకముందు, కిటికీ వెలుగులో చూడాలి. తాటాకుతో గీసేసి "పూత లేదు" అంటే ఏం లాభం? కిళ్ళీ వేసేవాళ్ళకి రంగు కూడా నమ్మకం కాదు.

ఆ గుర్తులు ఉంటే టేపు తీసుకోండి. నడుము చుట్టుకొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటిందా? పరగడుపు షుగరు 100, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) 150, బీపీ 130/85 చేరాయా? మంచి కొలెస్టరాలు మగవాళ్ళకి 40, ఆడవాళ్ళకి 50 కంటే తక్కువా? ఈ అయిదింటిలో మూడు ఉంటే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. చైనా వైద్యుడు "కఫం" అన్న మనిషి ఇక్కడ దొరికే అవకాశం ఎక్కువ. లోచెవికి సన్నటి రక్తనాళాలే ఆధారం, షుగరూ కొవ్వూ దెబ్బ కొట్టేది వాటినే.

వికారానికి నైగ్వాన్ అనే చోటు నొక్కండి. అరచేతి వైపు మణికట్టు మడత నుంచి మోచేతి వైపుకి మూడు వేళ్ళు అడ్డంగా పెట్టి, అవి ఆగిన చోట నరాల్లా తగిలే రెండు కండర తాళ్ళ మధ్య బొటనవేలితో రెండు నిమిషాలు. కఫానికి ఫెంగ్‌లొంగ్: మోకాలికీ బయటి చీలమండకీ సరిగ్గా మధ్య, ముంజకాలి ఎముక అంచుకి రెండు వేళ్ళు బయటికి. షుగరుతో కాళ్ళు మొద్దుబారినవాళ్ళు కర్రతోనో పెన్నుతోనో నొక్కకూడదు, పుండు పడినా తెలియదు. నొక్కితే వికారం తగ్గవచ్చు గాని షుగరు తగ్గదు.

ఈ రకానికి పేరున్న కషాయం బాన్‌షా బైఝూ థియెన్‌మా. బాన్‌షా ఒక దుంప, పచ్చిది విషం, శుద్ధి చేశాకే వాడతారు. ఆ కషాయంలోని అతిమధురం బీపీ పెంచి పొటాషియం తగ్గిస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకోకపోవడమే మేలు.

తిండి మార్పుతో వచ్చే ఫలితం దీనికంటే ఎక్కువ. మాడుగుల హల్వా, రాత్రి పూట పునుగులు, ఈ వైద్యం వద్దనే "కొవ్వు-తీపి" జాబితాలో ముందుంటాయి. పొద్దున టిఫిన్‌కి బదులు మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి ఒక గ్లాసు మంచిదే, మూడు గ్లాసులైతే చోడి కూడా షుగరు పెంచుతుంది. తిన్నాక పావుగంట నడవండి.

షుగరుని బాగా దించేసే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, సింహాచలం గిరి ప్రదక్షిణకి ఖాళీ కడుపుతో 32 కిలోమీటర్లు నడిస్తే కళ్ళు తిరగడానికి కఫం అక్కర్లేదు. ఆ రోజు మోతాదు సంగతి ముందే డాక్టరుని అడిగి, గ్లూకోజ్ పొట్లం జేబులో వేసుకోండి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతూ తూలిపోతున్నవాళ్ళు బి12 పరీక్ష కూడా చేయించుకోవాలి.