ఆర్థిక గణాంకాలను మీ జీతంతో సరిచూసుకోవడం ఎలా?

వృద్ధి రేటు పెరిగిందనీ, నిరుద్యోగం తగ్గిందనీ, ధరలు అదుపులోకి వచ్చాయనీ వార్తలు వస్తున్న నెలలోనే అద్దె కట్టడానికి చేబదులు తీసుకోవలసి వచ్చిన మనిషికి, ఆ అంకెలు అబద్ధమనో, లేక తన ఇంటి ఖర్చులోనే దుబారా ఉందనో అనిపించడం సహజం. చాలా సందర్భాల్లో ఈ రెండూ నిజం కావు. ప్రభుత్వ గణాంకం దేన్ని కొలవడానికి తయారైందో దాన్ని కొలుస్తుంది. అందులో మీ సంపాదన ఎంతవరకు చేరిందో మీరే లెక్క వేసుకోవాలి. దానికి కావలసినవి నిరుటి, ఈ ఏటి జీతం చీటీలు లేదా కూలి రాసుకున్న పుస్తకం, ఈ రెండేళ్ల కిరాణా బిల్లులు, కొంత ఓపిక.

ముందుగా తలసరి ఆదాయాన్ని తీసుకోండి. తెలంగాణ ప్రభుత్వ సామాజిక ఆర్థిక ముఖచిత్రం 2024-25 సంవత్సరానికి రాష్ట్ర తలసరి ఆదాయాన్ని రూ.3,79,751గా చూపింది. దీన్ని నలుగురున్న కుటుంబానికి వర్తింపజేసి పన్నెండుతో భాగిస్తే నెలకు సుమారు లక్షా ఇరవై ఆరు వేల రూపాయలు వస్తుంది. మీ ఇంట్లోకి వచ్చే మొత్తాన్ని దాని పక్కన రాసుకోండి. ఎంతో తేడా కనిపిస్తే కారణం ఇది: తలసరి ఆదాయమంటే రాష్ట్రంలో ఉత్పత్తైన నికర విలువను జనాభాతో భాగించిన సగటు. అందులో జీతాలతో పాటు కంపెనీల లాభాలూ, అద్దెలూ, వడ్డీలూ కలిసే ఉంటాయి. వేతనాలు కదలకుండా లాభాలు మాత్రమే పెరిగినా ఈ అంకె పెరుగుతుంది. కాబట్టి తలసరి ఆదాయం పెరిగిందన్న వార్తను కార్మికుల సంపాదన పెరిగిందన్న వార్తగా ఎప్పుడూ చదవకండి.

నిరుద్యోగ రేటు దగ్గర ఇంకాస్త ఆగాలి. జాతీయ గణాంక కార్యాలయం జరిపే శ్రామిక శక్తి సర్వే ప్రకారం, పదిహేనేళ్లు పైబడినవారిలో ఈ రేటు 2017-18లో 6 శాతం ఉండగా 2023-24 నాటికి 3.2 శాతానికి తగ్గింది. ఇది సాధారణ స్థితి పద్ధతిలో తేలిన అంకె. ఏడాదిలో ఎక్కువ కాలం పని దొరకకపోయినా, అనుబంధంగా ముప్పై రోజులు పనిచేసి ఉంటే ఆ మనిషి ఈ పద్ధతిలో ఉపాధి ఉన్నవారి కిందికే వస్తాడు. వారపు స్థితి పద్ధతిలోనైతే గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పనిచేసినా చాలు. ఈ నిర్వచనాల్లో మోసమేమీ లేదు, ఇతర దేశాల్లోనూ ఇలాంటివే వాడుకలో ఉన్నాయి. కానీ చేసిన పనికి ఎంత కూలి ముట్టిందో, అది బతకడానికి సరిపోయిందో లేదో ఇవి చెప్పవు. అందుకే నిరుద్యోగ రేటు చూసిన వెంటనే అదే నివేదికలో ఉపాధి రకాల పట్టికను వెతకండి. పనిచేసేవారిలో స్వయం ఉపాధి పొందేవారి వాటా 2017-18లో 52.2 శాతం కాగా 2023-24లో 58.4 శాతమైంది, నెలజీతంపై ఉన్నవారి వాటా 22.8 నుంచి 21.7 శాతానికి తగ్గింది. స్వయం ఉపాధి అన్న మాట కింద సొంత కర్మాగారం నడిపేవారూ, తోపుడు బండి మీద కూరగాయలు అమ్మేవారూ, కుటుంబ పొలంలోనో దుకాణంలోనో కూలి లేకుండా చాకిరీ చేసే ఆడవాళ్లూ అందరూ ఒకే గాటన పడతారు. ఆడవాళ్లకు పని పెరిగిందని సంబరపడే ముందు ఈ చివరి వర్గం ఎంత పెరిగిందో చూడటం, నా దృష్టిలో, కనీస బాధ్యత.

ధరల విషయంలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గినట్లు కాదని. పెరుగుదల వేగం తగ్గిందని మాత్రమే దానర్థం. 2024 అక్టోబరులో వినియోగదారుల ధరల ద్రవ్యోల్బణం 6.21 శాతం, 2025 అక్టోబరులో 0.25 శాతం. రెండో అంకెను ఒంటరిగా చూస్తే ధరల బాధ తీరిపోయినట్లే ఉంటుంది. రెండేళ్లను కలిపి లెక్కిస్తే మాత్రం 2023 అక్టోబరులో నూరు రూపాయలకు వచ్చిన సరుకుకు 2025లో దాదాపు నూటా ఆరున్నర రూపాయలు పెట్టాలి. పైగా 2024 అక్టోబరులో కూరగాయల ధరలు ఏడాది మునుపటి కంటే 42 శాతం ఎక్కువగా ఉండటం వల్ల, మరుసటి ఏడాది పోలిక సహజంగానే తక్కువగా తేలింది. అందుచేత ఎప్పుడూ రెండు మూడేళ్ల అంకెలను కలిపి చూడండి. ఈ ద్రవ్యోల్బణాన్ని లెక్కగట్టే వినియోగదారుల ధరల సూచీలో ఇంటి అప్పు వాయిదాలు ఉండవు. పై అంకెలకు ఆధారమైన, 2012 ధరలతో పోల్చి లెక్కించే శ్రేణిలో గ్రామీణ ప్రాంతాల ఇంటి అద్దెకు చోటే లేదు.

ఇక మీ సొంత లెక్క. నిరుడు ఇదే నెలలో మీ ఇంటికి కొన్న బియ్యం, కందిపప్పు, నూనె, పాలు, గ్యాసు, కట్టిన అద్దె, పిల్లల ఫీజు, బస్సు ఛార్జీలు ఎంతెంతో రాసి, సరిగ్గా అదే పరిమాణానికి ఇప్పుడెంత అవుతోందో పక్క గడిలో వేయండి. పరిమాణం మార్చవద్దు, ధర పెరిగిందని పప్పు తగ్గించి ఉంటే, తగ్గించకపోతే అయ్యే ఖర్చునే రాయండి, లేకపోతే మీరు నోరు కట్టుకున్నది కూడా పొదుపుగా లెక్కకు వస్తుంది. నిరుడు రూ.14,000 అయిన సరుకులు, సేవలు ఇప్పుడు రూ.15,120 అవుతున్నాయనీ, చేతికొచ్చే జీతం రూ.15,000 నుంచి రూ.15,900కు పెరిగిందనీ అనుకుందాం. జీతం 6 శాతం, ఖర్చు 8 శాతం పెరిగాయి. 1.06ను 1.08తో భాగిస్తే 0.98 వస్తుంది, అంటే జీతం పెరిగిన ఈ ఏడాదిలో మీ కొనుగోలు శక్తి దాదాపు 2 శాతం తగ్గింది. ఆ తరవాత పని గంటలు చూడండి. ఇరవై ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు చేసి రూ.15,000 తీసుకుంటే గంటకు రూ.72, పన్నెండు గంటలు చేసి రూ.15,900 తీసుకుంటే గంటకు రూ.51. సెక్యూరిటీ గార్డులు, గిడ్డంగి కార్మికులు, డెలివరీ పనివారు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి. డెలివరీ చేసేవారు పెట్రోలు, బండి మరమ్మతు, ఫోను ఖర్చులు తీసివేశాకే భాగించాలి.

మీ ఫలితం మీ ఒక్కరిదేనా, అందరిదీ అలాగే ఉందా అన్నది తెలుసుకోవడానికి కేంద్రం 2025 జనవరిలో ప్రకటించిన ఆర్థిక సర్వే పనికొస్తుంది. ధరల పెరుగుదలను మినహాయించి లెక్కించినప్పుడు, 2017-18 నుంచి 2023-24 మధ్య నెలజీతం పొందే పురుషుల సగటు నిజ వేతనం రూ.12,665 నుంచి రూ.11,858కి, స్వయం ఉపాధిలోని పురుషుల ఆదాయం రూ.9,454 నుంచి రూ.8,591కి తగ్గాయి. అదే కాలంలో పురుష దినకూలీల నిజ వేతనం రోజుకు రూ.203 నుంచి రూ.242కు పెరిగింది. కనుక అందరూ నష్టపోయారనడం కూడా సరికాదు. అయితే 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరాయని చెప్పిందీ ఈ సర్వేనే. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చదివితే, పెరిగిన సంపద వేతనాల వైపు ఎంత తక్కువగా వచ్చిందో స్పష్టంగా తెలుస్తుంది.

జీతం పెంపు గురించి యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు దేశవ్యాప్త ద్రవ్యోల్బణం అంకెకు బదులు, కేంద్ర కార్మిక శాఖలోని లేబర్ బ్యూరో ప్రతి నెలా ప్రకటించే పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని తీసుకెళ్లండి. అందులో విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాద్, వరంగల్ కేంద్రాలకు విడివిడిగా అంకెలు ఉంటాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ కనీస వేతనాలపై ఇచ్చే కరువు భత్యాన్ని ఏటా ఏప్రిల్ 1, అక్టోబరు 1 తేదీల నుంచి సవరిస్తారు. ఆ తేదీల తరవాత వచ్చిన మొదటి జీతం చీటీలో భత్యం పెరిగిందో లేదో చూసుకోండి. పెరగకపోతే భత్యాన్ని సవరించిన ఉత్తర్వు ప్రతిని జతచేసి యాజమాన్యానికి రాతపూర్వకంగా అడగండి, అక్కడ జవాబు రాకపోతే మీ ప్రాంత సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.