రిమోట్‌తో ఆపినా సెట్‌టాప్ బాక్స్ కరెంటు తింటూనే ఉంటుంది

టీవీ కట్టేశాక సెట్‌టాప్ బాక్స్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. రిమోట్‌తో ఆపితే చాలా బాక్సుల్లో బొమ్మ మాత్రమే ఆగుతుంది. లోపల ట్యూనర్, ప్రాసెసర్ పనిచేస్తూనే ఉంటాయి. 10 వాట్లు లాగే బాక్స్ రోజుకు 20 గంటలు అలా ఉంటే ఏడాదికి 73 యూనిట్లు. మన గ్రిడ్‌లో బొగ్గు కరెంటే ఎక్కువ, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే ఎవరూ చూడని టీవీకి దాదాపు 50 కిలోలు!

మీ బాక్స్ ఎంత లాగుతుందో మీటరే చెబుతుంది. ఫ్రిజ్, రూటర్‌తో సహా అన్నీ ఆపి, బాక్స్ ఒక్కటే స్టాండ్‌బైలో, అంటే రిమోట్‌తో ఆపి గోడ స్విచ్ మాత్రం వేసే ఉంచండి. ఇన్వర్టర్ ఛార్జింగ్ కూడా తీసేయాలి, లేకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. మీటర్ మీద ఎర్ర లైటు ఒకసారి మెరిశాక మళ్లీ మెరిసేదాకా ఎన్ని సెకన్లో చూడండి. మీటర్ మీద యూనిట్‌కు 3200 పల్సులని (3200 imp/kWh, అంటే అన్నిసార్లు మెరుస్తుందని) రాసి ఉంటే 1125ను ఆ సెకన్లతో భాగించండి, వాట్లు వస్తాయి. 1600 అయితే 2250ని భాగించాలి. 10 వాట్లకు మొదటి రకం మీటర్ దాదాపు 112 సెకన్లకోసారి మెరుస్తుంది, కాబట్టి ఓపిక పట్టండి.

రాత్రి పడుకునేముందు గోడ స్విచ్ కట్టేయండి. పొద్దున బాక్స్ లేవడానికి ఒకట్రెండు నిమిషాలు పడుతుంది. రికార్డింగ్ పెట్టిన రోజు మాత్రం ఆపొద్దు. ఫోన్ లేని ఖాళీ ఛార్జర్ గురించి బెంగ అక్కర్లేదు, మంచి ఛార్జర్ లాగేది నామమాత్రమే.