గిర్నిలో పట్టించిన మక్క రవ్వతో పొలెంటా, దాని మీద మటన్ కీమా రగూ

గట్క తిని పెరిగినవాళ్లకు పొలెంటా కొత్తేమీ కాదు. ఉత్తర ఇటలీలో, లొంబార్డీ, వెనెటో వైపు, మక్క రవ్వను కలుపుతూ ఉడికించి దాని మీద మాంసం కూర వేసుకుని తింటారు, మనం మక్క గట్కలోకి మటన్ కూర పోసుకున్నట్టే. కాబట్టి విదేశీ ప్యాకెట్ కోసం వరంగల్ అంతా తిరగొద్దు, గిర్నికి పోయి ఎండిన మక్కలు సన్న రవ్వగా పట్టించి, పిండి జల్లించి తీసేయండి చాలు. కార్న్‌ఫ్లోర్ మాత్రం వద్దే వద్దు, ఉత్త జిగురు అయితది.

రగూ, అంటే పైన వేసుకునే ఆ మాంసం కూర, ముందు మొదలుపెట్టాలి, అది దాదాపు రెండున్నర గంటల పని. అరకిలో కీమా, కొంచెం కొవ్వు ఉంచి, కాస్త లావుగా కొట్టమని చెప్పండి. కడిగితే నీళ్లు మొత్తం ఓడ్చాలి, తడి ఉంటే వేగదు. మందపాటి గిన్నెలో మూడు చెంచాల ఆలివ్ నూనె వేసి ఒక ఉల్లిగడ్డ, ఒక క్యారెట్, ఒక సెలరీ కాడ సన్నగా తరిగి సిమ్‌లో 15 నిమిషాలు మగ్గించండి, ఎర్రబడొద్దు, మెత్తబడాలి. సెలరీ దొరకకపోతే వదిలేయండి, కొత్తిమీర వేస్తే రుచే మారిపోతుంది.

ఇప్పుడు మంట పెంచి కీమా వేసి, ఊరికే కలపకుండా అడుగు ఎర్రగా పట్టేదాకా ఆగండి, రుచంతా అక్కడే ఉంది. ఇటలీలో వైన్ పోసి ఆ అడుగు గీకుతారు. మనింట్లో వాడకపోతే అరగ్లాసు నీళ్లలో చెంచా వెనిగర్ కలిపి పోయండి. అది ఇగిరాక నాలుగు పండు టమాటల గుజ్జు, ఉప్పు, మిరియాల పొడి, ఒక గ్లాసు నీళ్లు. మూత కొంచెం తెరిచి సన్న సెగ మీద రెండు గంటలు, మధ్యలో అరగ్లాసు పాలు కొద్దికొద్దిగా. పాలేంటి అనుకోకండి, 1982లో ఇటలీలోని బొలోనా నగర వాణిజ్య మండలిలో నమోదు చేయించిన రగూలో కూడా పాలున్నాయి, ఎల్లిగడ్డ లేదు. అల్లం, కారం, గరం మసాలా వైపు చెయ్యి పోతుంది, దయచేసి ఆపుకోండి. టైం లేదని కుక్కర్ పెడితే మాంసం ఉడుకుతుంది గానీ గుజ్జు దగ్గరపడదు.

చివరి ముప్పావుగంటలో పొలెంటా. నాలుగు గ్లాసుల నీళ్లు, ఒక గ్లాసు పాలు, ఉప్పు వేసి మరిగాక, ఒక గ్లాసు రవ్వ ఒక చేత్తో సన్నగా జారవిడుస్తూ ఇంకో చేత్తో తిప్పుతూ ఉండాలి, ఒక్కసారే గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. తర్వాత సిమ్‌లో 40 నిమిషాలు, మధ్యమధ్యలో కలుపుతూ. గట్టిపడితే వేడి నీళ్లే పోయండి. దించాక రెండు చెంచాల వెన్న, గుప్పెడు చీజ్ తురుము. పార్మెజాన్ ఖరీదనుకుంటే అముల్ చీజ్ సరిపోతుంది, ఉప్పు తగ్గించండి.

లోతు పళ్లెంలో పొలెంటా పరిచి మధ్యలో రగూ వేసి వెంటనే తినండి, ఆలస్యమైతే గడ్డకడుతుంది. మిగిలింది మాత్రం పళ్లెంలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున ముక్కలు కోసి పెనం మీద కాల్చుకోవచ్చు.